నల్ల పలక పట్టిన సిగ్నల్

"పేజీ జరిగింది! అన్నా, పేజీ జరిగింది!"

సుకన్య అరుపుకి దుకాణంలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. నేలన పరిచే దర్రీ జంపఖానాల కట్టల మీద కూలబడి ఏడుస్తున్న వదిన కళావతి మొహం మీంచి కొంగు దించింది. గల్లాపెట్టె దగ్గర తల పట్టుకుని కూర్చున్న అన్న సారంగపాణి లేచి నిలబడ్డాడు. మగ్గం మీద నేసే అనిల్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్న ఎస్సై స్నేహలత కూడా ఆగింది.

"ఏం పేజీ?" అంది ఎస్సై.

సరిగ్గా అదే మాట బల్ల మీద స్పీకర్‌లో పెట్టిన కళావతి ఫోన్‌లోంచి కూడా వినిపించింది. అవతల ఉన్నది ఆమె తమ్ముడు భానుచందర్. మేనకోడలు శ్రావణి కనబడటం లేదని తెలిసినప్పటి నుంచి కారేసుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు రఘునాథపల్లిలో ఉన్నానని, స్టేషన్ ముందు చాయ్ బండి వాణ్ని కూడా అడిగానని, జాడ లేదని చెబుతున్నాడు. వాట్సాప్ కాల్ కావడంతో మాట విరిగి విరిగి వస్తోంది.

"ఒక్క రీచార్జితోని రెండు ఫోన్లు నడుపుతడు. మాట గిట్ల గాక ఎట్ల వస్తది?" అని ఇందాకే సారంగపాణి విసుక్కున్నాడు.

"శ్రావణి పుస్తకం చదువుతాంది!" సుకన్య తన ఫోన్ పైకెత్తి చూపించింది. "ఇద్దరం ఒకటే పుస్తకం చదువుతానం మేడం. నేను నా ఫోన్ల, అది దాని నల్ల పలకల. అది ఎంతవరకు చదివిందో నాకు ఇక్కడ కనబడతది. నిన్న రాత్రి ఊరి బావి దగ్గర శవం దొరికిన కాడ ఉండె. ఇప్పుడు చూడుండ్రి, కోర్టు సీనుకు పోయింది!"

నల్ల పలక అంటే శ్రావణి ఈ-రీడర్. సిమ్ ఉండదు, కెమెరా ఉండదు, మోగదు. పుస్తకాలు చదవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. వారం వారం హైదరాబాద్‌కి డిజైన్ కోర్సు క్లాసులకి పోయి వచ్చే పిల్ల రైల్లో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. సారంగపాణి ఇంట్లో ఏ వస్తువూ రెండుసార్లు కొనరు. పుస్తకమైనా అంతే. ఒకే ఖాతా, మేనత్తా మేనకోడలూ ఇద్దరూ పోటీ పడి చదవడం, వెనకబడ్డవాళ్లు చౌరస్తాలో మిర్చి బజ్జీలు కొనిపెట్టడం.

ఆ పిల్ల ఈ పొద్దున వరంగల్ స్టేషన్‌లో దిగింది. భుజాన బ్యాగుతో బయటికి వచ్చినట్టు కెమెరాలో ఉంది. ఆ తర్వాత లేదు. ఫోన్ స్విచాఫ్.

"చదువుతాందా?" స్పీకర్‌లో భానుచందర్ గొంతు ఒక్క క్షణం తర్వాత వచ్చింది. "గట్లయితే ఫికరే లేదక్కా. పుస్తకం చదువుకుంటాంది అంటే హాయిగ ఉన్నట్టే కదా! నేను చెప్పలేదా, ఆ అనిల్‌గాడే యాడనో దాచిపెట్టి వచ్చి మన ముందట అమాయకుని లెక్క కూసున్నడు. పోలీసోళ్లు రెండు తగిలిస్తే అన్నీ కక్కుతడు."

అనిల్ మొహం ఎర్రబడింది. "పొద్దుగాల్నుంచి మగ్గం మీదనే ఉన్న మేడం. వాడకట్టు మొత్తం చూసింది. శ్రావణితోని మాట్లాడిన, కాదంటలేను. గా దొంగ దర్రీల సంగతే మాట్లాడిన."

"బావా, ఉండు," సుకన్య ఫోన్ వైపు వంగింది. "ఆ పలక ఏదో ఒక నెట్ పట్టుకుంటేనే పేజీ ఇక్కడికి వస్తది. అది ఎక్కడ పట్టిందో మేడం కనుక్కుంటది. దొరికినట్టే ఇగ!"

"అచ్ఛా," అన్నాడు భానుచందర్. "మంచిగైంది. నేను బయల్దేరుతాన." లైన్ తెగిపోయింది.

సుకన్య కళ్లు తన ఫోన్ మీదే ఉన్నాయి. ఆమె చూస్తుండగానే పుస్తకంలో ఒక వాక్యం కింద పసుపు గీత పడింది. దాని పక్కన చిన్న కాగితం బొమ్మ. పుస్తకం అంచున రాసుకునే నోటు అది. ఎప్పుడూ అందులో 'అత్తా, వంటమనిషి మీద డౌటు' లాంటివి రాసి ఏడిపించేది శ్రావణి. సుకన్య దాన్ని నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తప్పులతో, ఆత్రంగా.

'అత్తా నన్ను గదిలో పెట్టి తాళం ఏసిన్రు. నాన్న పంపిండని చెప్పి ఒకడు స్టేషన్ల కారెక్కిచ్చుకున్నడు. మాస్కు ఉండె. ఎవడో తెల్వది. ఫోన్ గుంజుకున్నరు. ఇది పలకే కదా అని ఇడిసిపెట్టిండు. ఇప్పుడే నెట్ గుర్తు వచ్చింది. ఎక్కడున్ననో'

అక్కడితో ఆగింది.

సుకన్య గట్టిగా చదివింది. కళావతి గుండెలు బాదుకుంటూ నేలకి జారింది. అనిల్ స్టూలు మీంచి లేచాడు. ఈసారి అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు.

ఎస్సై స్నేహలత ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదివింది. "నిన్న అమ్మాయి మీతో ఏం మాట్లాడింది?"

సారంగపాణి గల్లాపెట్టె దగ్గర్నుంచి ముందుకు వచ్చాడు. "కొత్తవాడ చేనేత అని లేబుల్ అంటించి ఎవడో మిల్లు దర్రీలు అమ్ముతాండు మేడం. మన మగ్గాలోళ్లకు ఆర్డర్లు పడిపోయినయి. ఈ పోరడు అనిల్ కనిపెట్టి మా బిడ్డకు చెప్పిండు. అది రెండు ముక్కలు హైదరాబాద్ తీస్కపోయి పరీక్ష చేయించింది. 'ఎవరి సరుకో తెల్సింది నాన్నా, ఫోన్ల చెప్పొద్దు, ఇంటికొచ్చినంక చెప్త' అన్నది. రేపు పొద్దున చేనేత సంఘం మీటింగుల అందరి ముందట పేరు చెప్తదని ఇదంతా."

"ఆ పేరు అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు?"

"తెల్వది."

ఆ మాటకి అర్థం అక్కడున్న అందరికీ తెలిసింది. రేపు పొద్దున్నలోపు ఆ పిల్ల దొరకాలి. దొరక్కపోతే వాడు ఆమెని మాట్లాడనిచ్చే స్థితిలో ఉంచడు.

"కంపెనీకి మెయిల్ పెడితే ఏ నెట్ నుంచి వచ్చిందో చెప్తారు. కానీ వాళ్ల జవాబు రేపటికి గానీ రాదు," అంది ఎస్సై. "మీరే ఆలోచించండి సుకన్యగారూ. సిమ్ లేని దానికి నెట్ ఎట్లా వచ్చింది?"

"ముందు ఎప్పుడన్నా పాస్‌వర్డ్ కొట్టి కలిపిన వై-ఫై అయితే గుర్తుపెట్టుకుంటది మేడం. మళ్లీ దగ్గరికి పోతే దానంతటదే కలుస్తది. మూత మూసి ఉన్నా సరే."

"అంటే తెలియని చోట తెలియని నెట్ పట్టదు."

"పట్టదు."

"అయితే అది గుర్తుపెట్టుకున్న వై-ఫైలు ఎన్ని?"

సుకన్య వేళ్లు మడిచింది. "మా ఇల్లు. ఈ దుకాణం. హైదరాబాద్‌ల హాస్టల్..." ఆగింది. "ఇంకోటి ఉంది."

మేడారం జాతర నుంచి తిరిగొచ్చేటప్పుడు. టెంపో నిండా చుట్టాలు, ఒళ్లంతా దుమ్ము, సుకన్య ఒడిలో అమ్మవారి బెల్లం ముక్క. పస్రా దగ్గర ట్రాఫిక్‌లో గంటల తరబడి ఆగిపోతే శ్రావణి చదువుతున్న పుస్తకం అయిపోయింది. కొత్తది దింపుకుంటానని గోల చేసింది. వెనక సీటులో ఎవరో తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చారు. 'ఒక్క పుస్తకమే, సినిమాలు గిట్ల దింపితే బిల్లు పంపుతా' అని నవ్వారు కూడా. ఎవరు? సుకన్య అప్పుడు సగం నిద్రలో ఉంది. ఎంత గింజుకున్నా ఆ నవ్వుకి మొహం దొరకడం లేదు.

ఆ సంగతి చెప్పింది.

"ఆ టెంపోలో బయటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడం. డ్రైవర్ సీటు మీద కూడ మా చుట్టమే."

ఎస్సై సారంగపాణి వైపు, తర్వాత కళావతి వైపు చూసింది. గొంతు తగ్గించింది. "అయితే హాట్‌స్పాట్ ఉన్న ఆ మనిషి ఇప్పుడే అమ్మాయి ఉన్న చోటికి వచ్చాడు. అందుకే ఇంతసేపూ రాని నెట్ ఇప్పుడు వచ్చింది. తీసుకుపోయినవాడు మీ ఇంటి మనిషి సేటూ."

"మా ఇంటోళ్లు గసొంటోళ్లు గాదు మేడం" అనబోయి నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు సారంగపాణి. ఆ తర్వాత గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

సుకన్య అదే వాక్యం పక్కన తనూ ఒక నోటు రాసింది. 'భయపడకు బిడ్డా. పోలీసులు నా పక్కనే ఉన్నరు. చెవిల పడే చప్పుడు, వచ్చే వాసన, ఏదన్న రాయి.' పంపింది. తెర వంక చూస్తూ కూర్చుంది. జవాబు లేదు. పేజీ కదల్లేదు.

కొంచెం సేపటికి భానుచందర్‌ని పిలుద్దామని వాట్సాప్‌లో కొట్టింది. కలవలేదు. మళ్లీ కొట్టింది. కలవలేదు. సారంగపాణి మొదటి నంబరుకి చేస్తే వెంటనే ఎత్తాడు.

"రెండో ఫోన్ చార్జింగ్ అయిపోయింది బావా. వస్తాన, తొవ్వల ఉన్న."

అప్పటికి కూడా సుకన్యకి ఏమీ తట్టలేదు. ఆమె మనసంతా ఆ పసుపు గీత దగ్గరే ఉంది. పిల్ల ఇంకా రాస్తోందా? ఎవరైనా చూసి లాక్కున్నారా? తను ఫోన్‌లో అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది. ఎందుకలా అనిపించిందో ఆమెకే తెలియదు. కానీ ఆ అరుపు తర్వాతే అన్నీ ఆగిపోయాయి.

పొద్దు వాలుతుండగా దుకాణం ముందు కారు ఆగింది. భానుచందర్ దిగాడు. చొక్కా చెమటకి తడిసింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రఘునాథపల్లి, ఘన్‌పూర్, మొత్తం జల్లెడ పట్టిన అక్కా. ఏడ్వకు. నేనున్నా కదా."

కళావతి తమ్ముడి భుజం మీద తల పెట్టి భోరుమంది.

సరిగ్గా అప్పుడు సుకన్య చేతిలో ఫోన్ చిన్నగా అదిరింది.

పుస్తకంలో కొత్త నోటు.

'అత్తా నెట్ పోయింది. మళ్లీ వస్తే ఇది నీకు చేరుతది. నెక్కొండ. స్టేషన్ల మైకు ఇనబడతాంది. పట్టాల పక్కన పాత పత్తి గోదాం లెక్కుంది. నేను కూసున్నది గా దర్రీల కట్టల మీదనే. మన లేబుళ్లు కుప్పగ పోసి ఉన్నయి. ఈ సరుకు ఎవరిదంటే అత్తా, తలుపు తీస్తాన్రు'

నెక్కొండ. రఘునాథపల్లికి పూర్తిగా ఎదురు దిక్కు. ఫోన్ తిప్పి ఎస్సైకి చూపించింది. ఎస్సై చదివి, లేచి వెనక గదిలోకి వెళ్లింది. ఆమె చెవికి ఫోన్ ఆనించడం, పెదాలు కదలడం తలుపు సందులోంచి కనబడింది. నెక్కొండ స్టేషన్‌కే చేస్తోంది.

కానీ సుకన్యకి కాళ్ల కింద ఇంకేదో కదులుతున్నట్టు ఉంది. ఈ నోటు రాసినప్పుడు నెట్ లేదు. ఇప్పుడు వచ్చింది. అంటే పలక ఇప్పుడు తనకి తెలిసిన ఏదో ఒక వై-ఫై దగ్గరికి వచ్చింది. ఇల్లు తాళం వేసి ఉంది. హాస్టల్ హైదరాబాద్‌లో ఉంది. మిగిలింది...

ఆమె తల ఎత్తి గోడ మీద చూసింది. అమ్మవారి ఫోటో పక్కన దుకాణం వై-ఫై పెట్టె పచ్చగా మినుకుతోంది. అది బయట రోడ్డు దాకా అందుతుంది. ఎదురుగా పాన్ డబ్బా వాడు దొంగతనంగా వాడుకుంటున్నాడని పోయిన నెలే పాస్‌వర్డ్ మార్చబోయి, బద్ధకించి వదిలేశారు.

పలక ఇక్కడే ఉంది. ఈ గోడకి అవతలే.

ఈ వీధిలోకి ఇప్పుడే వచ్చింది ఒకే ఒక్కటి. ఆ కారు.

పస్రాలో వెనక సీటు నవ్వుకి మొహం వచ్చేసింది. 'సినిమాలు గిట్ల దింపితే బిల్లు పంపుతా కోడలా.' చేతిలో రెండు ఫోన్లు. ఒకదానికి మాత్రమే రీచార్జి. ఎప్పుడూ తెరిచే ఉండే హాట్‌స్పాట్. సుకన్య నెట్ గురించి అరవగానే దాన్ని మూసేశాడు. ఆ నెట్ మీదే నడిచే రెండో ఫోన్ కూడా దాంతోపాటే మూగబోయింది. పలకని గుంజుకున్నాడు, కానీ పగలగొట్టలేదు, పారేయలేదు. ఆ మనిషి కట్టలు విప్పిన సుతిలి తాడుని కూడా ఉండ చుట్టి దాచుకుంటాడు. మంచి వస్తువు పారేయడం అతని చేతికి రాదు.

"నేను మళ్ల పోతాన అక్కా," భానుచందర్ లేచాడు. "పరకాల దిక్కు చూడలే. చీకటి పడకముందే పోయొస్త."

పరకాల కాదు. ఎక్కడికి పోతాడో సుకన్యకి తెలుసు. పోతే అక్కడికి పోలీసులు చేరేలోపు ఒక్క ఫోన్‌తో పిల్లని ఇంకోచోటికి మార్పిస్తాడు. లేదా అంతకంటే...

ఆమె నవ్వు తెచ్చుకుంది. అది మొహం మీద ఎలా కనిపించిందో ఆమెకే తెలియదు. "జర ఆగు బావా. పొద్దుగాల్నుంచి పచ్చి మంచినీళ్లు కూడ ముట్టలే నువ్వు. చాయ్ పెడ్త, తాగి పో."

"చాయ్‌కి టైమేడిది సుకన్యా?"

"కూసో తమ్మీ," అంది కళావతి కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు గూడ పడిపోతే నాకెవరున్నరు?"

అతను అయిష్టంగా కూర్చున్నాడు. సుకన్య వెనక్కి వెళ్లి స్టవ్ వెలిగించింది. ఎస్సై ఇంకా ఫోన్‌లోనే ఉంది, వేలు పైకెత్తి ఆగమన్నట్టు చూపింది. సుకన్య ఆమె చెవిలో రెండే ముక్కలు చెప్పింది. ఎస్సై కనుబొమలు కలుసుకున్నాయి. ఒక్కసారి తల ఊపి వెనక తలుపు నుంచి సందులోకి జారుకుంది.

చాయ్ పొంగింది. సుకన్య మంట తగ్గించి మళ్లీ పొంగించింది. అల్లం దంచింది. చక్కెర డబ్బా కనబడనట్టు వెతికింది.

"చాయేనా, బిర్యానా?" అరిచాడు భానుచందర్ అవతల్నుంచి.

"అయిపాయె బావా!"

గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను ఊదుకోకుండా గుటకలు వేశాడు. నాలుక కాలింది, ముఖం చిట్లించాడు, అయినా ఆపలేదు. అతని వేళ్లకి దూది పీచు అంటుకుని ఉంది. సుకన్య దాని మీంచి చూపు తిప్పుకుంది.

"నీ రెండో ఫోన్ ఇటియ్యి బావా, ఇక్కడ చార్జింగ్ పెడ్త."

"ఎందుకు? కారుల పెట్టుకుంట తియ్యి."

"నీ హాట్‌స్పాట్ గూడ బంద్ ఉన్నట్టుంది. ఎప్పుడు బంద్ పెట్టవు కదా."

గ్లాసు పెదాల దగ్గర ఆగింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూలన నిలబడ్డ అనిల్ ఆ చూపు పట్టాడు. మెల్లగా నడిచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకు జరుగు బే," భానుచందర్ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి లేచాడు. "నీ యవ్వారం పిల్ల దొరికినంక చూస్త."

"పిల్ల దొరికింది."

ఎస్సై స్నేహలత వీధి గుమ్మం నుంచి లోపలికి వచ్చింది. ఒక చెవికి ఇంకా ఫోన్ ఉంది. రెండో చేయి వెనక్కి పెట్టుకుంది. "నెక్కొండలో. గోదాం తాళం పగలగొట్టారు. దెబ్బలేం లేవు. మంచినీళ్లు తాగుతోంది. ఇదిగో, మాట్లాడండమ్మా."

కళావతి ఫోన్ గుంజుకుంది. "బిడ్డా! నా బంగారూ!" ఆ తర్వాత మాటలు ఏవీ అర్థం కాలేదు. సారంగపాణి రెండు చేతులూ జోడించి గోడ మీది అమ్మవారికి మొక్కాడు. వెంటనే ఆ చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

భానుచందర్ అందరికంటే గట్టిగా ఊపిరి వదిలాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. "బతికించినవ్ తల్లీ! ఎవడు మేడం వాడు? దొరికిండా? పేరు చెప్పుండ్రి, నరికి పోగులు పెడ్త!"

"అమ్మాయిని తెచ్చిన మాస్కువాడు పారిపోయాడు," అంది ఎస్సై. "వాడి వెనకున్నవాణ్ని అమ్మాయి చూడలేదు. గోదాం బయటే ఉండి వాణ్నే లోపలికి పంపాడట. ఎవరి సరుకో మాత్రం అమ్మాయికి తెలుసు. కానీ ఆ పేరు నేను చెప్పను. కనిపెట్టినవాళ్లే చెప్తారు."

వెనక దాచిన చేయి ముందుకు తెచ్చింది. ఒక గోనె సంచి. నోరు సుతిలి తాడుతో పద్ధతిగా కట్టి ఉంది. విప్పి, లోపలి వస్తువుని తీసి బల్ల మీద పెట్టింది. నల్ల పలక. తెర మీద పుస్తకం తెరిచే ఉంది. దుకాణం వై-ఫై పట్టుకుని అది దింపుకున్న నోటు అంచున కనబడుతోంది. 'భయపడకు బిడ్డా. పోలీసులు నా పక్కనే ఉన్నరు.'

"ఇది బయట ఆగిన కారు సీటు కింద దొరికింది," అంది ఎస్సై, ఎవరి వైపూ చూడకుండా.

కళావతి చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. అందులోంచి శ్రావణి 'అమ్మా, అమ్మా' అంటోంది. కళావతి కళ్లు పలక మీంచి సంచి మీదికి, సంచి మీంచి ఆ తాడు ముడి మీదికి పోయాయి. చిన్నప్పుడు నాన్న దుకాణంలో అక్కాతమ్ముళ్లు ఇద్దరూ నేర్చుకున్న ముడి అది. ఆమె ఆ ముడి నుంచి చూపు తిప్పలేదు.

"ఎవరు సుకన్యా?" అంది, తెలిసీ తెలియనట్టు. "ఎవరి కారు? నువ్వు చెప్పు. నీ నోటితోని చెప్తేనే నమ్ముత."

భానుచందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అనిల్ ఛాతీ తగిలింది.

సుకన్య వదిన పక్కన కూర్చుంది. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ తమ్ముడు వదినా," అంది. "భానుచందర్."